సర్కారు లెక్కలు - మన తరగతి గదులు

1

మన విశ్వవిద్యాలయాల్లో గణాంకశాస్త్రం బోధించడం లేదని ఎవరూ అనలేరు. ఆర్థికశాస్త్రం చదివినా, వాణిజ్యశాస్త్రం చదివినా, సమాజశాస్త్రం చదివినా ఆ పేపరు తప్పదు. సగటు కట్టడం, విచలనం తీయడం, రెండు వరసల అంకెల మధ్య సంబంధం ఎంతో తేల్చడం విద్యార్థికి వస్తున్నది. కాని ఆ లెక్కలు చేయడానికి పాఠ్యపుస్తకం ఇచ్చే అంకెలు ఎక్కడివి? "ఒక ఫ్యాక్టరీలో పదిమంది కార్మికుల దినకూలి ఈ క్రింది విధముగా నున్నది" అంటూ పుస్తకకర్త తన గదిలో కూర్చుని కల్పించినవి. ఆ ఫ్యాక్టరీ ఏ వూళ్లోనూ లేదు. ఆ పదిమందీ ఎన్నడూ కూలి పెంచమని అడిగినవాళ్లు కారు. సగటు చక్కగా రావడం కోసమే వాళ్లు పుట్టారు.

నిజమైన అంకెలు విద్యార్థికి ఎదురయ్యేది పోటీపరీక్షల గైడ్లలో. అక్షరాస్యత ఎంత, పేదరికం ఎంత, నిరుద్యోగం ఎంత - ఒక్కొక్కటీ ఒక్కొక్క "బిట్టు". 2011 జనాభా లెక్కలను దశాంశ స్థానాలతో సహా అప్పజెప్పగల యువతీయువకులు మన లైబ్రరీల్లో కోకొల్లలుగా వున్నారు. ఆ అక్షరాస్యత శాతం ఎన్నేళ్లు దాటినవాళ్లలో కట్టారో అడగండి, తెల్లముఖం వేస్తారు. ఒకప్పుడు అయిదేళ్లు, ఆ పైబడినవాళ్లలో కట్టేవారు. 1991 నుంచి ఏడేళ్లు, ఆ పైబడినవాళ్లలో కడుతున్నారు. ఈ మార్పు తెలియకుండా 1951 నుంచి 2011 దాకా ఒక గీత గీసి "ప్రగతి" అని పేరుపెట్టడం ఎంత తేలికో చెప్పనక్కరలేదు. తప్పు విద్యార్థులది కాదు. ఆ సంగతి అడిగే పరీక్ష ఏదీ లేదు.

మూడో తరహావారు మనవాళ్లే. అందుకే ఈ వ్యాసం. ఒకనాడు నేను తరగతిలో నిరుద్యోగం లెక్కలు బల్లమీద రాస్తూ వుండగా, విద్యార్థి సంఘంలో చురుకుగా పనిచేసే ఒక కుర్రాడు లేచి, "అవన్నీ సర్కారు లెక్కలు మాస్టారూ. పాలకవర్గం తన బండారం తానే బయటపెట్టుకుంటుందా?" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి వెళ్లిన తరువాత ఆలోచిస్తే, ఆ నవ్వులో నాకూ భాగం వున్నందుకు సిగ్గు వేసింది. ఆ కుర్రాడు ధైర్యంగా మాట్లాడాడు గాని, ఆ మాటతో చేతిలో వున్న ఆయుధాన్ని కింద పడేశాడు. దాన్ని తీసి చేతికివ్వవలసిన మాస్టారు నవ్వి వూరుకున్నాడు.

ఆలోచించి చూస్తే ఈ మూడు తరహాలవారూ చేసే పొరపాటు ఒక్కటే. పుస్తకకర్త అంకెను కల్పిస్తాడు, అభ్యర్థి కంఠస్థం చేస్తాడు, మన మిత్రుడు తోసిపారేస్తాడు. ముగ్గురిలో ఎవరూ అది ఎలా తయారైందని అడగరు. ఒక కావ్యాన్ని ముందుకు తెస్తే మనం ఏం చేస్తాం? ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎవరి కంఠం వినిపిస్తున్నది, ఎవరిది వినిపించడం లేదు అని అడుగుతాం. అది రాజాస్థానంలో పుట్టినంత మాత్రాన చదవడం మానం; రాజుగారు చెప్పిందల్లా నమ్మనూ నమ్మం. సర్కారు లెక్క కూడా ఒక రచనే. దానికీ కర్త వున్నాడు, భాష వున్నది, మౌనాలున్నాయి. దాన్ని ఆ విధంగా చదవడం నేర్పనంతవరకు మనం గణాంకాలు బోధిస్తున్నామని చెప్పుకోవడం ఆత్మవంచన.

2

మాటలతో చెప్పేకన్నా ఒక ఉదాహరణ చూద్దాం. సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థులకు నేనొక పని అప్పజెబుతూ వుంటాను. "మీ అమ్మగారిని, 'నువ్వేం పని చేస్తున్నావమ్మా?' అని అడగండి. ఆవిడ చెప్పిన జవాబు వున్నదున్నట్టు రాసుకోండి. ఆ తరువాత ఒక రోజంతా, తెల్లవారింది మొదలు ఆవిడ ఏ గంటకు ఏం చేసిందో ఇంకో కాగితం మీద రాయండి."

మొదటి కాగితం మీద చాలామంది ఒకే రకం జవాబు తెస్తారు. "నాకేం పనిరా, ఇంటిపట్టునే వుంటున్నాగా." రెండో కాగితం మీద వేరే లోకం కనిపిస్తుంది. నాలుగున్నరకు లేచి పేడ తీసింది. గేదెకు కుడితి పెట్టి పాలు పిండింది. వంట చేసి, క్యారేజీలు కట్టి, గట్టుకు పోయి గడ్డి కోసుకొచ్చింది. మధ్యాహ్నం సొంత చేలో కలుపు తీసింది. సాయంత్రం మళ్లీ గేదె, మళ్లీ పొయ్యి. ఒక విద్యార్థిని రెండు కాగితాలూ తరగతిలో చదివి, "అసలు లెక్కలు రాసేవాళ్లు వస్తే మా నాన్న చెబుతాడండీ. అమ్మని పిలవరు" అన్నది. గణాంకశాస్త్రంలో అంత విలువైన వాక్యం నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు.

ఇప్పుడు సర్కారు లెక్క తీద్దాం. 1961 జనాభా లెక్కల్లో దేశంలోని స్త్రీలలో నూటికి దాదాపు 28 మంది పనిచేసేవాళ్లు. 1971 వచ్చేసరికి ఆ సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. పదేళ్లలో మన పల్లెటూళ్ల ఆడవాళ్లు కలుపుతీతలు, వూడ్పులు మానేసి మంచాలెక్కి కూర్చున్నారా? కాదు. మారింది ప్రశ్న. సాగు కాలంలో ఎక్కువ భాగం రోజుకు ఒక గంటకు మించి క్రమంగా పనిచేసినవారిని 1961లో పనివాళ్లుగా రాసుకున్నారు. 1971లో "మీ ముఖ్యమైన వ్యాపకం ఏది?" అని అడిగారు. రోజుకు ఆరు గంటలు చేలో, ఎనిమిది గంటలు ఇంట్లో గడిపే మనిషి "ఇల్లు" అన్నది. ఆ ఒక్క మాటతో కోట్ల స్త్రీల శ్రమ దేశపు పద్దుపుస్తకం నుంచి చెరిగిపోయింది. విమర్శలు వచ్చిన మీదట 1981లో ముఖ్య శ్రామికులు, ఉపాంత శ్రామికులు అని రెండు తరగతులు చేసి, పోయినవాళ్లలో కొందరిని మళ్లీ వెనక్కి తెచ్చారు.

జాతీయ నమూనా సర్వే షెడ్యూలు ఇంకా చిత్రమైనది. అందులో ఇంటిపని మాత్రమే చేసేవారికి 92 అనే కోడు. ఇంటిపనితో పాటు ఇంటి అవసరానికి కట్టెలు, పశువుల మేత ఏరి తెచ్చేవారికి, కుట్టుపని, నేతపని చేసేవారికి 93. ఈ రెండు కోడ్లలో పడినవాళ్లు శ్రామికశక్తికి వెలుపలివాళ్లు. ఇంట్లో వాడుకోవడానికైనా సరే పాడి పశువును పెంచడం, పాలు పిండడం ఆర్థిక కార్యకలాపమే. ఆ పాలు తోడుపెట్టి, చిలికి వెన్న తీస్తే అది ఇంటిపని. గట్టున గడ్డి కోస్తున్నంతసేపు ఆ తల్లి వెలుపల వుంటుంది, గేదె పొదుగు దగ్గర కూర్చోగానే లోపలికి వస్తుంది, కవ్వం పట్టుకోగానే మళ్లీ వెలుపలికి పోతుంది. ఈ గీతలు ప్రకృతి గీసినవి కావు. ఏది శ్రమ, ఏది కాదు అనే విషయమై ఒక సమాజానికి వున్న అభిప్రాయం వాటి రూపంలో గడ్డకట్టుకుని వున్నది.

ఈ పాఠం తెలిసిన విద్యార్థికి నేటి లెక్కలు ఇచ్చి చూడండి. 15 ఏళ్లు, ఆ పైబడిన స్త్రీలలో శ్రామికశక్తిలో వున్నవారు 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం అని ప్రభుత్వ సర్వే చెబుతున్నది. గైడు చదివినవాడు రెండు అంకెలూ అప్పజెబుతాడు. ప్రభుత్వ ప్రచారకుడు చప్పట్లు కొడతాడు. మన మిత్రుడు అబద్ధం అంటాడు. పాఠం తెలిసినవాడు మాత్రం అదే నివేదికలో ఇంకో పట్టిక తిప్పుతాడు. పనిచేసే స్త్రీలలో స్వయం ఉపాధి కింద రాసినవారు 51.9 శాతం నుంచి 67.4 శాతానికి పెరిగారని, వాళ్లలో చాలామంది ఇంటివారి సేద్యంలోనో, దుకాణంలోనో జీతం భత్యం లేకుండా సాయపడేవాళ్లేనని అక్కడే అచ్చయి వున్నది. అప్పుడు అసలు ప్రశ్నలు బయటికి వస్తాయి. కొత్తగా పని దొరికిందా? ఎప్పటినుంచో చేస్తున్న పని ఇప్పుడు లెక్కలోకి వచ్చిందా? లేక మగవాడి సంపాదన చాలక ఆడవాళ్లు చేలోకి దిగారా? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడమే చదువు. అవి పుట్టింది సర్కారు పట్టికల్లో నుంచే అని మరచిపోరాదు.

3

ఇక మన నేలకు మరీ దగ్గరి విషయం, రైతుల ఆత్మహత్యలు. అనంతపురం నుంచి ఆదిలాబాదు దాకా ఈ మాట వినని వూరు లేదు. జాతీయ నేర నమోదు సంస్థ 1995 నుంచి రైతుల ఆత్మహత్యలను విడిగా లెక్కిస్తూ వచ్చింది. 2013 నివేదికలో ఆ సంఖ్య 11,772. 2014 నివేదికలో 5,650. ఒక్క యేడులో సగానికన్నా తక్కువ! ఆ యేడు వానలు సరిగా పడలేదన్న సంగతి తెలిసిన ఏ రైతూ దీన్ని నమ్మడు. కాని నమ్మకపోవడంతో పని అయిపోదు.

అదే నివేదికలో పక్క గడి చూడాలి. 2014లో పాత తరగతిని రెండు ముక్కలు చేశారు. రైతులు 5,650, వ్యవసాయ కూలీలు 6,710. రెండూ కలిపితే 12,360. తగ్గినట్టు కనబడిన చావులు ఎక్కడికీ పోలేదు. వాటిలో చాలా భాగం పక్క గడిలోకి జరిగాయి. అంకె ఒక్కటీ దిద్దనవసరం లేకుండా, గడి మధ్య గీత గీయడంతోనే శీర్షిక మారిపోయింది.

ఇంకొక మెట్టు దిగుదాం. ఆ నివేదికలో రైతు అంటే సొంత భూమి దున్నేవాడే కాదు, కౌలుకు చేసేవాడు కూడా. నిర్వచనం చూస్తే లోపం లేదు. కాని లెక్క పుట్టేది ఢిల్లీలో కాదు, పోలీసుస్టేషనులో. అక్కడ కాగితం రాసే ఉద్యోగి పాసుపుస్తకం ఏదని అడుగుతాడు. మన ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో కౌలు చాలావరకు నోటిమాట కౌలు. కాగితం పెడితే భూమి పోతుందని భూస్వామి భయం. కాగితం అడిగితే కౌలు పోతుందని కౌలుదారు భయం. కౌలుదార్లకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం 2011లో వచ్చినా ఈ రెండు భయాలూ తీరలేదు. అటువంటివాడు పురుగుమందు తాగితే ఏ గడిలో పడతాడు? అతని భార్య పరిస్థితి ఇంకా అన్యాయం. పొలం పనిలో సగం ఆమెదే అయినా పట్టా ఆమె పేర లేదు గనుక, ఆమె చనిపోతే "గృహిణి". బతికినప్పుడు 92, 93 కోడ్ల కింద పడినట్టే చచ్చిన తరువాత కూడా ఆమె వేరే గడిలోనే పడుతుంది.

ఈ లెక్కను "అబద్ధం" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే మనకు మిగిలేది కోపం. దాన్ని విప్పి చదివితే భూమి హక్కు, కౌలు చట్టం, పోలీసు కాగితం, స్త్రీల ఆస్తి - ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటి బయటపడతాయి. వర్గసంబంధాల మీద ఉపన్యాసం చెప్పనవసరం లేకుండా, ఒక పట్టికే ఆ ఉపన్యాసం చెబుతుంది.

4

సగటు సంగతి వేరుగా చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకంలో సగటు అమాయకమైన సూత్రం. సంఘంలో అది అమాయకమైనది కాదు. 1963 ఆగస్టులో పార్లమెంటులో జరిగిన వాదం ఇందుకు మంచి పాఠం. దేశంలో 27 కోట్లమంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని రామమనోహర్ లోహియా అన్నారు. ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం 15 అణాలని ప్రధాని నెహ్రూ జవాబిచ్చారు. ఆ పదిహేను అణాలు సంపన్నుడినీ కూలివాణ్ణీ ఒకే బుట్టలో వేసి తీసిన సగటు. లోహియా అడిగింది బుట్ట అడుగునున్నవారి సంగతి. మూడణాలు సరైన అంకేనా, మరికొంత ఎక్కువా అన్నది చర్చించుకోవలసిందే. అయితే రాబడి ఎవరికెంత దక్కుతున్నదో చెప్పని సగటు పేదవాడి గురించి ఏమీ చెప్పదన్న సత్యం ఆనాడు దేశానికి తెలిసింది.

ఇవాళ్టి లెక్కతో అదే పాఠం చెప్పవచ్చు. 2022-23 గృహవినియోగ సర్వే ప్రకారం గ్రామాల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు 3,773 రూపాయలు. అట్టడుగున వున్న ఐదు శాతం జనానికి అది 1,373. పై అంచున వున్న ఐదు శాతానికి 10,501. ఈ మూడు అంకెలూ ఒకే కాగితం మీద అచ్చయినవి. మొదటిది మాత్రమే ఉటంకించేవాడు అబద్ధమాడడం లేదు, కాని నిజమూ చెప్పడం లేదు.

పేదరికపు గీత కూడా ఈ కోవలోదే. 2004-05లో దేశంలో పేదలు ఎంతమంది? పాత పద్ధతి ప్రకారం 27.5 శాతం. టెండూల్కర్ సంఘం గీతను మార్చి కడితే 37.2 శాతం. అదే యేడు, అదే సర్వే, అవే ఇళ్లు! 2011-12కు టెండూల్కర్ పద్ధతిలో 21.9 శాతం, రంగరాజన్ సంఘం పద్ధతిలో 29.5 శాతం. టెండూల్కర్ గీత ఆ యేడు పల్లెలో నెలకు 816 రూపాయలు. అంటే రోజుకు 27 రూపాయల 20 పైసలు. తిండి, బట్ట, మందు, బస్సు చార్జీ అన్నీ అందులోనే. ఆ డబ్బుతో ఒక రోజు బతికే బడ్జెటు వేయమని విద్యార్థులకు ఇచ్చి చూడండి. గీత ఎక్కడ గీయాలన్నది గణితం తేల్చే విషయం కాదని, మనిషికి ఏమాత్రం దక్కితే చాలునని పాలకులు అనుకుంటున్నారో ఆ గీత చెబుతుందని వాళ్లే గ్రహిస్తారు.

అడిగే పద్ధతి మారినా పేదరికం మారుతుంది. 1999-2000 సర్వేలో ఒకే ఇంటివారిని తిండి ఖర్చు గురించి వారం లెక్క, నెల లెక్క పక్కపక్కనే అడిగారు. వారం లెక్క ప్రభావంతో నెల ఖర్చు పెంచి చెప్పారని నిపుణులు వాదించారు. 1993-94లో 36 శాతంగా వున్న పేదరికం ఆ సర్వేలో 26.1కి దిగిందని ప్రకటించారు. సంస్కరణల ఘనత అని డప్పు కొట్టారు. అడిగే పద్ధతి మళ్లీ దారిలో పడ్డాక 2004-05లో వచ్చింది పైన చెప్పిన 27.5. జ్ఞాపకశక్తికి ఏడు రోజులు వేరు, ముప్ఫై రోజులు వేరు. ఈ చిన్న సంగతి మీద కోట్లమంది "దారిద్ర్య విముక్తి" ఆధారపడి వున్నదంటే నవ్వు రాదు, భయం వేస్తుంది.

5

ఇంతవరకు చదివిన మిత్రుడు, "చూశారా, మేము చెప్పిందే మీరూ చెబుతున్నారు, అన్నీ గారడీలేగా" అనవచ్చు. కాదు. ఈ గారడీలన్నీ మనకెలా తెలిశాయి? షెడ్యూలు అచ్చువేశారు, నిర్వచనం రాశారు, పక్క గడి చూపించారు గనుక తెలిశాయి. అచ్చువేయని నాడు ఏం జరుగుతుందో కూడా మనం చూశాం.

2017-18 శ్రామికశక్తి సర్వేలో నిరుద్యోగం 6.1 శాతమని తేలింది. జాతీయ గణాంక సంఘం ఆమోదించినా నివేదికను బయటపెట్టలేదు. 2019 జనవరిలో సంఘానికి తాత్కాలిక అధ్యక్షులుగా వున్న పి.సి. మోహనన్, ఆయనతో పాటు మరొక సభ్యురాలు రాజీనామా చేశారు. ఒక దినపత్రిక ఆ అంకెను సంపాదించి అచ్చువేసింది. ప్రభుత్వం అధికారికంగా విడుదల చేసింది మే 31న, ఎన్నికలు ముగిసిన తరువాత. అదే సంవత్సరం నవంబరులో వినియోగ సర్వే వంతు వచ్చింది. 2011-12లో నెలకు 1,501 రూపాయలుగా వున్న మనిషి ఖర్చు 2017-18లో, ధరల పెరుగుదల తీసివేస్తే, 1,446కి తగ్గిందని పత్రికలో వచ్చింది. నాణ్యత చాలదంటూ ప్రభుత్వం ఆ సర్వేనే రద్దు చేసింది. 2016 ఆత్మహత్యల లెక్క కూడా 2019 నవంబరు దాకా వెలుగు చూడలేదు. 1881 నుంచి యుద్ధకాలంలో కూడా ఆగకుండా పదేళ్లకొకసారి జరిగిన జనాభా లెక్కలు 2021లో జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుపుతామన్న ప్రకటన 2025 జూన్‌లో గాని రాలేదు.

పాలకులకు ఈ అంకెల వల్ల భయమేమీ లేకపోతే దాచవలసిన అగత్యం ఏమొచ్చింది? సర్కారు లెక్కలన్నీ సర్కారుకు అనుకూలమైనవే అయితే సర్కారే వాటిని తొక్కిపెట్టడమేమిటి? సమాధానం తేలికే. అంకెను పుట్టించేది మంత్రి కాదు. ఎండలో ఇల్లిల్లూ తిరిగే పరిశోధకులు, వాళ్లు తెచ్చిన కాగితాలు సరిచూసే ఉద్యోగులు, పద్ధతిని కాపాడడం తమ వృత్తిధర్మమనుకునే శాస్త్రజ్ఞులు దాన్ని పుట్టిస్తారు. ఇవాళ నమూనా సర్వే పనిలో ఎందరో యువకులు కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. రాజ్యయంత్రంలో భాగమైనా అక్కడా శ్రమ వున్నది, ఆ శ్రమకు నిజాయితీ వున్నది. దానికీ ప్రభుత్వ ప్రచారానికీ మధ్య ఘర్షణ వున్నది. ఆ ఘర్షణను గమనించని మార్క్సిస్టు యంత్రాన్ని చూశాడే గాని యంత్రం దగ్గర నిలబడ్డ మనిషిని చూడలేదు.

2019 మార్చిలో 108 మంది ఆర్థిక, సామాజిక శాస్త్రవేత్తలు గణాంక సంస్థల స్వతంత్రత కాపాడమని విజ్ఞప్తి చేశారు. ఆ రోజుల్లో మా తరగతి గదుల్లో పెద్ద కదలిక లేదు. ఎందుకుంటుంది? లెక్కలన్నీ అబద్ధాలని ఏళ్ల తరబడి చెప్పుకున్నవాళ్లం, ఒక అబద్ధం దాచారని వీధిలోకి ఎలా వస్తాం? తోసిపారేసినవాడికి, దాచినప్పుడు నిలదీసే నైతిక బలం వుండదు. మన వ్యంగ్యం పాలకవర్గానికి చేసిన మేలు ఇది.

మన తప్పు ఇంకోటి కూడా ఒప్పుకుందాం. "నలభై అయిదేళ్లలో ఇంత నిరుద్యోగం లేదు" అన్న నినాదం మనం ఇచ్చాం. సర్కారు లెక్కలు నమ్మనివాళ్లం ఆ ఒక్క అంకెను మాత్రం ఎలా నమ్మాం? పైగా ఆ సర్వేలో ఇళ్లను ఎంచే పద్ధతి మారింది. మెట్రిక్ దాకా చదివినవారు ఇంట్లో ఎంతమంది వున్నారన్నదాన్ని బట్టి ఇళ్లను విభజించి ఎంచారు. పాత సర్వేలతో పోల్చేటప్పుడు ఆ జాగ్రత్త చెప్పి తీరాలి. చదువుకున్న యువతరానికి పని లేదన్న సత్యం అందువల్ల బలహీనపడదు. నచ్చిన అంకెను నమ్మి నచ్చని దాన్ని తిట్టే అలవాటు మాత్రం మనకూ ప్రచారకుడికీ తేడా లేకుండా చేస్తుంది.

6

సర్కారు లెక్కలతో సర్కారును నిలదీయడం మనకు కొత్త కాదు. దాదాభాయి నౌరోజీ 1867-70 నాటి లెక్క కట్టి, భారతీయుడి సాలీనా రాబడి సుమారు 20 రూపాయలని తేల్చింది ఇంగ్లీషు దొరల కాగితాల నుంచే. జైళ్లలో ఖైదీ తిండికీ బట్టకూ అయ్యే ఖర్చును ఆ కాగితాల్లోనే వెతికి పక్కన పెట్టి, నేరం చేయని రైతుకు అంత కూడా దక్కడం లేదని చూపాడు. మార్క్సు "పెట్టుబడి"లో ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు అడుగడుగునా కనిపిస్తాయి. లియోనార్డ్ హార్నర్ అనే ఇన్‌స్పెక్టరు సేవను ఆయన మెచ్చుకున్నాడు కూడా. 1899లో అచ్చయిన "రష్యాలో పెట్టుబడిదారీ విధానాభివృద్ధి"లో లెనిన్ జెమ్‌స్త్వో సంస్థల లెక్కలను తిరగేసి, గుర్రం లేని రైతునూ నాలుగు గుర్రాల రైతునూ కలిపి సగటు కట్టడం ఎంత మోసమో చూపాడు. మన దగ్గర పుచ్చలపల్లి సుందరయ్య 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో ఇల్లిల్లూ తిరిగించి రైతాంగంలోని వర్గవిభజనను లెక్క కట్టారు. 2005-06లో పరిశోధకులు ఆ వూరికే మళ్లీ వెళ్లి చూశారు. వీళ్లెవరూ "అన్నీ అబద్ధాలే" అని చేతులు దులుపుకోలేదు. వున్న లెక్కను విప్పారు, లేని లెక్కను తామే తీశారు.

అడగని ప్రశ్న కూడా లెక్కలో భాగమే. 1931 తరువాత షెడ్యూల్డు కులాలను, తెగలను మినహాయించి మిగతా కులాల లెక్క జనగణనలో తీయలేదు. కులం పేరు తీయకపోతే కులం పోతుందని నమ్మినవాళ్లున్నారు, పోలేదు. 2024లో తెలంగాణలో ఇంటింటి కులసర్వే జరిగినప్పుడు దాని మీద రేగిన వాదోపవాదాలే ఆ మౌనం ఎంత బరువైనదో చెప్పాయి.

కాబట్టి ఏం చేయాలి? పాఠ్యప్రణాళిక మారేదాకా కూర్చోనవసరం లేదు. కల్పిత ఫ్యాక్టరీని తీసేసి నిజమైన పట్టికతో సగటు కట్టించవచ్చు. ఏ పట్టిక ఇచ్చినా దానితో పాటు షెడ్యూలు ఇవ్వాలి. అడిగిన ప్రశ్న చదవకుండా జవాబు చదవనివ్వరాదు. ఒకే అంకెకు రెండు నిర్వచనాలిచ్చి తేడా ఎందుకు వచ్చిందో రాయించాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో గిల్బర్ట్ స్లేటర్ 1916లో విద్యార్థుల చేతికి ప్రశ్నావళులిచ్చి సెలవుల్లో సొంత వూళ్లకు పంపాడు. 1918లో వచ్చిన దక్షిణభారత గ్రామాల పుస్తకం ఆ పని ఫలితమే. తెల్లదొర అధ్యాపకుడు నూరేళ్ల కిందట చేయించిన పని మన చేత కాదా? చివరగా, ఏ సర్వే అయినా ఆపినా, దాచినా అది తమ పాఠం ఆగినట్టేనని విద్యార్థులకు అనిపించాలి. ఆహారభద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి బియ్యం అన్నది జనాభా లెక్కల మీద కట్టినది. లెక్క పాతబడితే ఆ తరువాత పుట్టినవాడి కంచంలో ఆ మేరకు కోత పడుతుంది.

ఈ దేశంలో జనాభా లెక్కలు రాసేది ఎక్కువగా బడిపంతుళ్లు. ఇవాళ మన తరగతిలో కూర్చున్న విద్యార్థుల్లో ఎందరో రేపు ఆ పంతుళ్లవుతారు. ఏదో ఒక వూళ్లో, ఏదో ఒక గడప ముందు కాగితమో ఫోనో పట్టుకుని నిలబడతారు. లోపలి నుంచి పేడచేతులు కడుక్కుంటూ వచ్చిన తల్లి "నాకేం పని లేదు బాబూ, ఇంట్లోనే వుంటున్నా" అంటుంది. ఆ మాటను అక్కడికక్కడే రాసుకుని పక్కింటికి పోతాడా, లేక ఒక్క నిమిషం ఆగి "గేదెను ఎవరు చూస్తారమ్మా? కలుపు ఎవరు తీశారు?" అని అడుగుతాడా? మనం గణాంకాలు చెప్పామో లేదో తేలేది అక్కడ.